కోసిన వైరు, ఎర్ర తాడు

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. మణుగూరులో ఇరవై ఏళ్ళుగా బోరు మోటార్లు, పడవ ఇంజిన్లు బాగుచేస్తున్నాను. ఇంజిను మొరాయిస్తే జనం దిష్టి తగిలిందని నిమ్మకాయ కడతారు. నేను ప్లగ్గు విప్పుతాను. పెట్రోలు రావాలి, గాలి ఆడాలి, నిప్పు పుట్టాలి. ఇంజిను ఆగడానికి నాలుగో కారణం ఉండదని పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకు గట్టిగా చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెప్పడం మానేశాను.

ముందు నేను చేసిన పని ఒకటి చెప్పాలి. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

పడవ ఇంజినుకు ఒక ఎర్ర తాడు వస్తుంది. ఒక కొసనున్న క్లిప్పును ఇంజిను మీది బొత్తానికి తగిలించి, రెండో కొసను నడిపేవాడు మణికట్టుకు కట్టుకోవాలి. మనిషి నీళ్ళలో పడితే క్లిప్పు ఊడుతుంది, ఇంజిను ఆగుతుంది. వల లాగేటప్పుడు అడ్డం పడుతుందని మా గోదావరి ఒడ్డున దాన్ని ఎవరూ కట్టుకోరు. నా దగ్గరికి వచ్చి ఆ బొత్తాం వైరు కోయించుకుంటారు. ఇక క్లిప్పు ఉన్నా లేకున్నా ఒకటే. ఇంజిను ఆపాలంటే పెట్రోలు కట్టేస్తే సరి.

పోయిన ఏడాది సోమయ్య అనే చేపలాయన అలాగే అడిగాడు. రెండు నిమిషాల పని. వైరు కోసి, రెండు కొసలకూ టేపు చుట్టాను. దుకాణంలో మేమిద్దరమే ఉన్నాం. ఫోను నా దగ్గర ఛార్జింగుకు పెట్టి మరిచిపోయి, ఇంజిను ఆటోలో వేసుకుని తిన్నగా నదికి వెళ్ళాడు. ఆ మధ్యాహ్నమే మలుపులో పడవలోంచి జారిపడ్డాడు. ఇంజిను ఆగలేదు. మనిషి లేని పడవ గుండ్రంగా తిరిగి ఆయన మీదికే వచ్చింది.

ఎవరూ నన్ను ఏమీ అనలేదు, ఎందుకంటే ఎవరికీ తెలియదు. ఆయన ఫోను తీసుకెళ్ళి భార్య రాములమ్మ చేతికిచ్చాను. వైరు సంగతి మాత్రం నోటికి రాలేదు.

ఈ ఏడాది వానల్లో వాళ్ళ ఊళ్ళోనే మోటార్లు బాగుచేయడానికి వెళ్ళి చిక్కుకుపోయాను. గోదావరి వాగులోకి ఎగదన్ని రోడ్డు మునిగిపోయింది. మర్నాడు పొద్దున సామాను అటక మీదికి ఎక్కిస్తుంటే రాములమ్మను పాము కరిచింది. సోమయ్య తమ్ముడు రాంబాబు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"ఖాసిం భాయ్, జల్దీ రా. మా వదిన కండ్లు మూతలు పడుతున్నయి."

అంబులెన్సు వాగు అవతలి గట్టున ఉంది. ఊళ్ళో మిగిలింది సోమయ్య పడవ ఒక్కటే. ఆయన పోయిన దగ్గర్నుంచి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఇంజిను మూత విప్పాను.

కొత్త పెట్రోలు పోశాం. రాంబాబు స్టార్టరు తాడు లాగీ లాగీ చేతులు బొబ్బలెక్కించుకున్నాడు. అంటుకోలేదు. ప్లగ్గు విప్పితే తడిగా ఉంది, అంటే పెట్రోలు వస్తోంది, నిప్పు లేదు. పగటి వెలుతురులో నిప్పురవ్వ కనబడదు కాబట్టి నెత్తిన తువ్వాలు కప్పుకుని, ప్లగ్గును ఇంజినుకు ఆనించి లాగమన్నాను. చీకటి తప్ప ఏమీ లేదు. నా సంచిలోని కొత్త ప్లగ్గు పెట్టినా అంతే. కోసిన వైరు కొసలు ఒకదానికొకటి తగులుకుని నిప్పు ఆపేస్తున్నాయేమోనని చూశాను. నేను చుట్టిన టేపు చుట్టినట్టే ఉంది, రెండు కొసల మధ్య బెత్తెడు ఎడం ఉంది. నిప్పు పుట్టించే కాయిల్ పోయిందనుకున్నాను. కాయిల్ పోతే ఆ ఊళ్ళో నేను చేయగలిగింది లేదు. నాకు భయం వేసింది.

పడవలో పడుకోబెట్టిన రాములమ్మకు అప్పటికే నాలుక మడతపడుతోంది. "రాంబాబూ, ఎర్ర తాడు కట్టుకో," అంది.

తాడు ఇంజిను పిడికి చుట్టే ఉంది, ఎండకు వెలిసిపోయి. దానికి ఇంజినుతో సంబంధమే లేదని నాకు తెలుసు, తెంచింది నేనే. ఆమె మనసు కోసం కట్టుకోమన్నాను. రాంబాబు క్లిప్పు తగిలించి లాగాడు. తువ్వాలు కింద నీలిరంగు రవ్వ టపీమని కొట్టింది.

క్లిప్పు తీయించి లాగించాను, చీకటి. పెట్టించి లాగించాను, రవ్వ. మళ్ళీ తీయించాను, చీకటి.

"ఏంది భాయ్, ఇంకేం చూస్తున్నవ్?" అని రాంబాబు కసిరాడు.

క్లిప్పు మళ్ళీ తగిలించమని ప్లగ్గు బిగించాను. ఒక్క లాగుకే ఇంజిను అంటుకుంది. రాములమ్మను పట్టుకుని నేనూ పడవలోనే కూర్చున్నాను.

వాగు నడుమ ఏదో మొద్దు తగిలింది. పడవ ఒరిగి రాంబాబు నీళ్ళలో పడ్డాడు. మణికట్టుకున్న తాడు క్లిప్పును లాక్కుపోయింది, ఆ క్షణమే ఇంజిను ఆగిపోయింది. కోసిన వైరుతో అది ఆగకూడదు. ఆగకపోతే ఇంజిను అడుగున తిరిగే పంకా తగిలేది అతనికే. అతను అంచు పట్టుకున్నాక రెక్క పట్టి పడవలోకి లాగాను. రొప్పుతూనే క్లిప్పు మళ్ళీ తగిలించి ఇంజిను లాగాడు. గట్టు చేరగానే రాములమ్మను అంబులెన్సులోకి ఎక్కించాం.

రాములమ్మ బతికింది.

నీళ్ళు తీశాక ఇంజిను మూత మళ్ళీ విప్పి చూశాను. వైరు కోసినట్టే ఉంది. ఇన్నేళ్ళ అనుభవంతో ఎన్ని విధాల ఆలోచించినా ఇప్పటికీ నాకు అంతు చిక్కలేదు. వైరు కలిపి అతికించాను. ఆ తర్వాత ఎవరు అడిగినా ఆ వైరు కోయలేదు.

దవాఖానాకు పోయి రాములమ్మ మంచం పక్కన కూర్చున్నాను. ఏడాదిగా దాచుకున్న మాట చెప్పేశాను.

"చెల్లె, ఆ వైరు కోసింది నేనే."

ఆమె నా వైపు కోపంగా చూడలేదు.

"అవ్, తెల్సు అన్నా. ఆయన చెప్పిండు."

ఆ రోజు సోమయ్య నా దుకాణం నుంచి ఇంటికి పోనేలేదు. ఫోను నా దగ్గరే ఉంది. ఎప్పుడు చెప్పాడమ్మా అని అడగడానికి నాకు ఇప్పటికీ ధైర్యం చాలలేదు.