చప్పుడు చేసే చెక్క

కొన్నాళ్లుగా మా ఏలూరు ఇంట్లో హాలు కిటికీ కింద మూడు చెక్క ముక్కలు పడి ఉన్నాయి: టేకు, వేప, నల్లమద్ది. నాన్న గదికీ హాలుకీ టైల్సు తీయించి చెక్క నేల వేయిద్దామని తాడేపల్లిగూడెం టింబర్ డిపో నుంచి తెచ్చుకున్న నమూనాలవి. ఏ చెక్కో తేల్చే పని నాకు అప్పజెప్పారు. అప్పటినుంచి నా కాలు ఒకచోట నిలవడం లేదు. పుస్తకం తెరిస్తే అదే పేజీ, డైరీ తెరిస్తే టేకని రాసి కొట్టేసి మద్దని రాయడం, మళ్లీ లేచి వెళ్లి ఆ ముక్కల్ని వేలి కణుపులతో తట్టి చెవి ఒగ్గి వినడం. అమ్మ చూసి, "కొబ్బరికాయలు బేరం చేస్తున్నావేంటే, అలా కొడతావు?" అని నవ్వింది. నేను ఇంకో ముక్క తట్టాను.

ఆ చప్పుళ్ల గొడవ కైకలూరు దగ్గరి మా పెంకుటింటిది. కొల్లేరు పొంగినప్పుడు ధాన్యం తడవకుండా తాతయ్య నడిమింటి మీద అటక వేయించారట. నేను పుట్టేనాటికి తాతయ్య లేరు, అటక ఉంది. కోసిన మామిడిచెట్టు చెక్క కొంత, వేప కొంత, ఎవరిదో పాత ఇంటి టేకు తలుపులు, ఏది చేతికందితే అది పరిచేసిన నేల అది. మనుషులంటే బెదిరే పిల్లనేమో, వీధి అరుగు మీద కొత్త గొంతు వినబడితే చాలు, పుస్తకం పట్టుకుని నిచ్చెనెక్కి అక్కడ చేరేదాన్ని. మా ఈడువాళ్లలో చాలామందికి అలాంటి ఒక మూల ఉండే ఉంటుంది. కింద మంచం మీద నాయనమ్మ ఉండేది. నీటికాసులు ఆమె చూపును అంచులనుంచి మొదలుపెట్టి లోపలికంటా తినేశాయి. అయినా నేను పైన ఎక్కడున్నానో ఆమెకు తెలిసేది. మామిడి చెక్క మెత్తగా మూలిగేది, వేప కిర్రుమనేది, టేకు మాత్రం ఎంత తొక్కినా నోరు విప్పేది కాదు. "వేప మీదకొచ్చావా, అక్కడ మేకు లేచుంది, కాలు జాగ్రత్త" అనేది కిందనుంచి. చప్పుడు ఆగిపోతే, "టేకు మీద కూర్చున్నావన్నమాట. చదువుకో. వచ్చినోళ్లు వెళ్లాక పిలుస్తాలే" అనేది. కిందికి దిగి నమస్కారం పెట్టమని నన్ను వేధించని పెద్దమనిషి మా ఇంట్లో ఆమె ఒక్కతే.

చుట్టూ చేలన్నీ చేపల చెరువులయ్యాక, గోడలకు చెమ్మెక్కి ఆ ఇల్లు ఇక నిలిచేలా కనబడక, ఏలూరు వచ్చేశాం. మెరిసే టైల్సు చూసి మేమందరం మురిసిపోయాం గాని, నాయనమ్మకు ఆ నేల మీద మనుషులే మాయమైపోయారు. ఎవరొచ్చినా ఎవరు వెళ్లినా అలికిడి లేదు. కర్టెన్ కదిలినా "ఎవరది?" అనేది, పలకకపోతే మంచం దిగి, చేతులు చాచి తడుముకుంటూ వచ్చేది. అందుకని ఎవరితోనూ పెద్దగా మాట్లాడని నేను, గదిలోంచి అడుగు బయటపెట్టిన ప్రతిసారీ "నేనే నాయనమ్మా" అనడం నేర్చుకున్నాను. ఆమె పోయాక కూడా చాలాకాలం ఖాళీ మంచం పక్కనుంచి వెళుతూ అలాగే అనేదాన్ని.

ఇప్పుడు ఆ నీటికాసులే నాన్నకు వచ్చాయి. పోయిన చూపు రాదు, ఉన్నది కాపాడుకోవాలన్నారు డాక్టరుగారు. మొన్న వానాకాలంలో టైల్సు మీది తడి కనబడక జారిపడ్డారు. చెక్క నేల మాట అప్పుడే వచ్చింది. చూపు సంగతి మాత్రం నాన్న ఎత్తరు. నేను గుమ్మంలో నిలబడితే ఒక్క క్షణం ఆగుతారు; "ఎవరది" అని అడగడం ఇష్టంలేక, వచ్చినవాళ్లే మాట్లాడేదాకా పేపరు మడతలు సరిచేసుకుంటారు. "నేనే నాన్నా" అందామంటే, చూపు ఎంత తగ్గిందో ఆయన దాచుకుంటున్న సంగతి నాకు తెలుసని చెప్పినట్టవుతుంది. ఆ ఒక్క క్షణమే నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు.

నిన్న ముగ్గురం మళ్లీ తాడేపల్లిగూడెం వెళ్లాం. డిపో ఆయన టేకు పలకలు చూపించి, "కింద స్పాంజి షీటు వేస్తామండి, పిల్లి నడిచినట్టే ఉంటదండి, అలికిడే రాదు" అన్నాడు. అమ్మ ముఖం వెలిగిపోయింది. కొత్తవాళ్ల ముందు నోరు పెగలని నేను, ఎలా అన్నానో తెలియదు, "అలికిడి వచ్చేది ఏదండీ?" అన్నాను.

"అందరూ రాకూడదనే అడుగుతారండీ. మీకేంటమ్మా, దొంగల భయమా?"

అమ్మ నవ్వింది. నాన్న నవ్వలేదు. "అమ్మాయి అడిగింది చూపించండి" అన్నారు.

ఆయన సన్నటి రీపరు బద్దలు నేలమీద వేసి, స్పాంజి లేకుండా వాటి మీద ఒక్కో రకం పలకా పరిచాడు. టేకు ఎప్పటిలాగే గుంభనంగా ఉండిపోయింది. వేప పలికింది గాని, మీ వైపు చెమ్మకు వంకర తిరుగుద్దండీ అని ఆయనే పక్కన పెట్టేశాడు. చెప్పులు విడిచి నల్లమద్ది మీద నడిచాను. గట్టిగా, స్పష్టంగా, నా అడుగు నాకే వినబడింది. నాన్న అటు తిరిగి నిలబడి, "ఇప్పుడు మీ అమ్మని నడవమను" అన్నారు. అమ్మ నడిచింది. "మళ్లీ ఎవరో ఒకరు నడవండి, ఎవరో చెప్పకండి" అన్నారు. నేను నడిచి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.

"నువ్వే" అన్నారు నాన్న. "మద్దే వేయండి, స్పాంజి వద్దు" అని డిపో ఆయనతో చెప్పారు.

తిరుగుదారి పొడవునా కూడా నాకు కుదురు లేదు. చెక్క ఎన్నాళ్లు పలుకుతుందో, నాన్న చూపు ఎన్నాళ్లు నిలుస్తుందో ఎవరు చెప్పగలరు? తాతయ్య చప్పుడు కోసం ఏ చెక్కా వెతకలేదు. ఉన్నదేదో పరిస్తే, అదే మమ్మల్ని ఒక్కొక్కరినీ గుర్తుపెట్టుకుంది. ఇప్పటి ఇళ్లు మనం వచ్చిన సంగతి ఎవరికీ చెప్పవు. నోరు విప్పకుండానే ఇంట్లో ఒకరికి తెలిసిపోయే ఆ హాయిని ఇప్పుడు డిపోల వెంట తిరిగి ఏరుకోవలసి వస్తోంది.

ఈ ఉదయం నాన్న గది గుమ్మం దగ్గర ఆగాను. కొత్త నేల ఇంకా రాలేదు. "నేనే నాన్నా" అన్నాను. ఆయన చేతిలో పేపరు కదలలేదు. "రా" అన్నారు.