గుండీలక్క

మా స్కానింగ్ గదిలో ఫొటోలు తీసే ఆవిడ అసలు పేరు హాజరుపట్టీలో ఉంటుందేమో గానీ, మాకందరికీ గుండీలక్కే. ఆ యంత్రం పెద్ద అయస్కాంతం. అందుకే వచ్చినవాళ్లను "గుండీలు ఇనుపవా, ప్లాస్టిక్‌వా?" అని అడగందే లోపలికి పోనివ్వదు. ఆ ఫొటోలు చదివి రోగమేమిటో చెప్పే డాక్టర్ని నేను. ఒకసారి జేబులో తాళాలున్నాయని నన్నే గుమ్మంలో నిలబెట్టి కడిగేసింది. ఇంతా చేసి, తన తెల్లకోటుకు రెండో గుండీ ఊడి ఏడాదైంది. పిన్నీసు పెట్టుకుందామంటే అదీ ఇనుమే.

ఒకరోజు ఓ దర్జీ, తన భార్య చెయ్యి పట్టుకుని వచ్చాడు. కాళ్లు తడబడుతున్నాయని నడుముకు స్కాన్ రాశారు. వచ్చే సోమవారం నడుము ఆపరేషన్ కూడా ఖాయమైపోయింది. ఫొటోలో ఒక వెన్నుపూస కాస్త అరిగింది. ఆ వయసులో ఎవరికి అరగదు? అదే రాసి సంతకం పెట్టబోతున్నాను, గుండీలక్క తలుపు తోసుకుని వచ్చింది.

"సార్, ఆగండి. మెడ కూడా తీద్దాం."

"చీటీలో నడుమనే ఉందిగా! బయట పదిమంది కూర్చున్నారు."

"చొక్కా విప్పడానికి ఆయన ఆరు నిమిషాలు తంటాలు పడ్డాడు. చివరికి వాళ్లావిడ వచ్చి విప్పింది. దర్జీ సార్ ఆయన! నడుము పాడైతే వేళ్లకేమొచ్చింది?"

నాకు ఒళ్లు మండింది. ఆవిడ మాట నిజం కాబట్టే మండింది. పంపిన డాక్టరుకు ఫోన్ చేసి ఒప్పించాను.

మెడ దగ్గర, వెన్నుపాము లోపల, పేలాల గింజలాంటి మచ్చ కనబడింది. రక్తనాళాలు ముద్దకట్టి మెల్లగా కారుతున్నాయి. అక్కడ అలాంటిది రావడం చాలా అరుదు. నా ఇరవై ఏళ్లలో ఇది మూడోది. నడుము కోసి ఇంటికి పంపేసి ఉంటే, కాళ్లతోపాటు ఆ చేతులూ పోయేవి. నాకు సిగ్గేసింది. ఆ మాట ఆవిడతో అన్నాను కూడా.

"సరేలెండి, తర్వాతాయన్ని పిలవనా?" అంది.

మెడ ఆపరేషన్ అయిన ఐదు నెలలకు దర్జీ మళ్లీ స్కాన్‌కు వచ్చాడు, ఒక్కడే నడుచుకుంటూ. గుమ్మంలోనే జేబులోంచి సూదీ దారం, ఓ తెల్ల గుండీ తీశాడు.

"సూదితో లోపలికి రావద్దు!" గయ్యిమంది గుండీలక్క.

"నేను రాను, మీరే బయటికి రండమ్మా. ఆరోజు మీరు నా గుండీలు చూస్తుంటే, నేను మీ కోటు చూస్తూ కూర్చున్నా. కుడదామంటే చేతులేవీ?"

వరండాలో నిలబెట్టి కుట్టాడు. దారం రెండుసార్లు తప్పింది, మూడోసారి ఎక్కింది. దారం పళ్లతో కొరికి, గుండీ తనే పెట్టి చూపించాడు.

"ప్లాస్టిక్‌దేనా?" అంది ఆవిడ, కళ్లు తుడుచుకుంటూ.