మా చేత్తో కొట్టిన సున్నం

కలకత్తా ఏక్‌బాల్‌పూర్‌లో మా తెలుగు సంఘం ఆదివారాలు కూడుకున్న ఇల్లు మందిరంగా కట్టింది కాదు. ఓడల మీద సరుకు నడిపిన ఒక వర్తకుడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చే రేవు కూలీల కోసం ఎప్పుడో కట్టించాడు. కింది పెద్ద గదిలో మా తాతలు చాపలు పరుచుకుని పడుకున్నారు. వాళ్ల పిల్లలు అదే గదిలో బెంచీలు వేసి ప్రార్థన మొదలుపెట్టారు. నేను వాక్యం నేర్చుకున్నది అక్కడే, సండేస్కూలు పిల్లలకు నేర్పిందీ అక్కడే.

ఆ గదిలో పడమటి గోడ నిండా మేకులతో గీసిన గుర్తులు ఉండేవి. ఓడ దిగినవాడు తన ఊరి పేరు గీసుకునేవాడు. అక్షరం రానివాడు పడవో చేపో గీసేవాడు. వాటి మధ్య గ్రామదేవతల త్రిశూలాలు కూడా ఉండేవి.

మేడ మీద రిటైరైన బెంగాలీ బడిపంతులు ఒకాయన అద్దెకుండేవారు. వీధి మొత్తానికి ఆయన మాస్టర్‌మొశాయ్. పుట్టింది ఆ ఇంట్లోనే, భార్య పోయిందీ ఆ ఇంట్లోనే. ఆ వర్తకుడి వారసులు బిల్డింగులు కట్టే ప్రమోటరుతో మాట్లాడుకున్నారని, ఇల్లు పడగొట్టి ఫ్లాట్లు కడతారని తెలిసినప్పుడు ముందు లేచింది ఆయనే. ఎదురింటి దర్జీని, మా సంఘాన్ని, వీధిలో మిగతావాళ్లను కూడగట్టి సంతకాలు చేయించారు. శ్రామికుల గురించి గోడలన్నీ రాసి నింపే పార్టీవాళ్లు, ఆ శ్రామికుల రాత ఉన్న ఒక్క గోడ గురించి అడిగితే, ముందు కార్పొరేషన్ దాన్ని చారిత్రక కట్టడంగా గుర్తించాలి, తర్వాత చూద్దాం అని టీ ఇచ్చి పంపేశారు. ఆయన కార్పొరేషన్ చుట్టూ రెండేళ్లు తిరిగారు.

దరఖాస్తుకు బలమంతా ఆ గోడే. ఆయనకు తెలుగు రాదు. ఒక మధ్యాహ్నం నన్ను కూర్చోబెట్టి ఒక్కో పేరూ చదివించుకుని రాసుకున్నారు.

"ఇదేమిటి, మా?" కూతురి వయసువాళ్లను బెంగాలీలు అలాగే పిలుస్తారు.

"బారువ. మా అమ్మమ్మగారి ఊరికి దగ్గర."

"మీ తాతగారు రాసింది ఎక్కడ?"

"ఆయనకు రాయడం రాదు."

"అయితే ఈ పడవల్లో ఒకటి ఆయనదే. ఏదో నువ్వే తేల్చుకో" అని నవ్వారు. ఫోటోలు తీయించి దరఖాస్తుకు జతచేశారు.

చివరికి సోమవారం ఆఫీసరు వచ్చి చూస్తాడని కబురొచ్చింది. చెల్లెలికి బాగాలేదని మాస్టర్‌మొశాయ్ శుక్రవారం బర్ధమాన్ బయలుదేరారు. సోమవారం పొద్దుటికి వచ్చేస్తానని, ఈలోపు కాస్త ఊడ్చి ఉంచమని చెప్పి వెళ్లారు.

మేము ఊడ్చి ఊరుకోలేదు. క్రిస్మస్ వచ్చినా, బయటి ఊరి బోధకుడు వచ్చినా మా సంఘంలో ముందు గోడలకు సున్నం పడాల్సిందే. శనివారం పొద్దున్నే సంఘపెద్ద డ్రమ్ము నిండా సున్నం కలిపించాడు.

"ఆఫీసరొస్తే ఈ గీతలేటి సూపిస్తాం? మనల్ని ఏటనుకుంటాడు?"

"వాటికోసమే వస్తన్నాడు మావా" అన్నాను.

"దేనికోసం, త్రిశూలాల కోసమా? అవెట్టుకుని, ఈ మందిరాన్ని కాపాడు తండ్రీ అని ఏ మొకంతో అడుగుతావు? పిల్లలకి పాఠం సెప్పేదానివి, నువ్వే సెప్పు."

వెనక నుంచి ఒకావిడ అందుకుంది. "బెంగాలీ బాబు పక్కన కూకోబెట్టుకుని సదివించుకున్నాడు గదా, అక్కకి ఆ గోడంటే పేణం!"

అందరూ నవ్వారు. ఆ మాట గుచ్చుకుంది. కానీ దానిమీద నెపం వేయలేను. పెద్ద అన్నది నేనూ నమ్మాను. విగ్రహాల గురించి పిల్లలకు ఎన్ని ఆదివారాలు చెప్పానో! ఈ ఇల్లు నిలవాలంటే ముందు ఇది పవిత్రం కావాలనిపించింది. ఆ గోడ విలువ తెలిసిన మనిషిని మా సంఘంలో నేనొక్కదాన్నే. కొంగు బిగించి మొదటి రేకుముక్క అందుకున్నదీ నేనే. పాటలు పాడుకుంటూ గీకాం. లోతుగా ఉన్న గీతల్లో సిమెంటు నింపాం. రెండు పూతలు సున్నం వేశాం.

సోమవారం మాస్టర్‌మొశాయ్, ఆఫీసరు దాదాపు ఒకేసారి వచ్చారు. మాస్టర్‌మొశాయ్ గడపలోనే ఆగిపోయారు. గోడ దగ్గరికి వెళ్లి అరచెయ్యి ఆనించి, అంటిన తెలుపును చూసుకున్నారు.

సంఘపెద్ద ఆఫీసరుకు కుర్చీ తుడిచి వేశాడు. "అచ్ఛా హై నా, సాబ్? సబ్ హమ్‌లోగ్ కియా" అన్నాడు, బాగుంది కదా, అంతా మేమే చేశాం అని గర్వంగా.

"ఆ రాతల గోడ ఏదీ?" అని ఆఫీసరు అడిగాడు.

"ఇదే" అన్నారు మాస్టర్‌మొశాయ్. తర్వాత నా వైపు తిరిగి, "చెప్పు, మా. ఏమేం ఉండేవో ఆయనకు చెప్పు" అన్నారు.

చెప్పాను. బారువ, భావనపాడు, కళింగపట్నం. ఆఫీసరు చివరిదాకా మర్యాదగా విన్నాడు. కలం మాత్రం కదల్లేదు.

"ఫోటోలు మీ దగ్గరున్నాయి కదా" అన్నారు మాస్టర్‌మొశాయ్.

"ఫోటోలో గోడకు నేను రక్షణ ఇవ్వలేను సార్. ఉన్న గోడకే ఇవ్వగలను."

అతని మాటలో తప్పు పట్టడానికేమీ లేదు.

ఆ చలికాలంలోనే ఇల్లు కూల్చేశారు. కొత్త బిల్డింగులో కింద మా సంఘానికి ప్రమోటరు ఒక హాలు ఇచ్చాడు. నేలంతా టైల్స్. ప్రారంభం రోజున సంఘపెద్ద సాక్ష్యం చెప్పాడు: "పాతది తీసేసి ప్రభువే కొత్తది ఇచ్చాడు. స్తోత్రం సెప్పండి!" అందరూ చెప్పారు.

మాస్టర్‌మొశాయ్ న్యూ టౌన్‌లో మేనల్లుడి ఫ్లాటుకు వెళ్లిపోయారు. ఒకసారి చూడబోయాను. టీ ఇచ్చారు, నా పిల్లల చదువులు అడిగారు. లేచి వస్తుంటే లిఫ్ట్ దగ్గర అన్నారు: "అలా చేయమని మీ దేవుడు అడిగాడా, మా?"

"లేదు" అన్నాను. ఆయన తల ఊపి లోపలికి వెళ్లిపోయారు.

నేను ఇప్పటికీ ప్రతి ఆదివారం ఆ హాలుకు వెళ్తాను. క్షమించమని దేవుణ్ణి అడిగాను, క్షమించాడనే నమ్ముతున్నాను. మాస్టర్‌మొశాయ్‌ని అడిగే ధైర్యం మాత్రం రాలేదు. ఆ హాలు ఇచ్చినందుకు స్తోత్రం అని పెద్ద అన్నప్పుడల్లా నేను నోరు మూసుకుని కూర్చుంటాను. ఆ ఇంటిని తీసేసింది మేము. ఆ పని దేవుడు చేశాడని ఆ దేవుడి ముందే అబద్ధమాడలేను.