తెర అడుగున సగం వరస

మా ఆఫీసులో అక్కతో వాదించి గెలిచినవాడు లేడు. నేనైతే ఓడిపోవడంలో ఆరితేరాను. ఆవిడ మా సీనియర్. సముద్రం మీంచి వచ్చిన పడవ ఏ రేవుకు చేరిందో ఫోనులో చూపించే యాప్ చేస్తున్నాం. కొత్తగా చేరిన పడవ పేరు పైకి వస్తుంది, ముందు చేరినవి కిందికి జరుగుతాయి. ఒక్కసారికి ఎన్ని పేర్లు లోడు చేయాలన్నదే గొడవ.

"వంద పెట్టేద్దాం, పీడా పోతుంది" అన్నాను.

"రేవులో సిగ్నలు నీ మొహంలా ఉంటాది. ఆ వందా వచ్చేలోగా పడవలు మళ్లీ వేటకు పోతాయి. పది చాలు. వేలు కిందికి వచ్చేసరికి ఇంకో పది తెద్దాం" అంది.

తెరకు సరిగ్గా పది వరసలు పట్టేలా, ఒక్క అక్షరం తెగకుండా అమర్చింది. చూడముచ్చటగా ఉంది. ఒళ్లు మండినా ఒప్పుకోక తప్పలేదు.

పరీక్షించడానికి జువ్వలదిన్నె రేవుకు వెళ్లాం. ఆ రోజు గాలి తిరిగి, పడవలు అందిన రేవుకల్లా చేరుతున్నాయి. ఎండుచేపలు అమ్మే ఒకామె కొడుకు వేటకు పోయి ఇంకా రాలేదు, అతని ఫోను మోగడం లేదు. అక్క తన ఫోనులో యాప్ తెరిచి ఆమె చేతికిచ్చింది. టక్కున పది పేర్లు వచ్చాయి. నేను లోలోపల అక్కకు దండం పెట్టుకున్నాను. ఆమె ఒక్కో పేరు మీదా వేలుపెట్టి కూడబలుక్కుని చదివింది. చివరిదాకా చదివి, ఫోను ఒళ్లో పెట్టుకుని వలల కుప్ప మీద కూలబడింది.

"నా బిడ్డ రాలేదు పాపా" అంది.

తెర అంత నీటుగా ముగిసేసరికి పడవలు కూడా అంతటితో అయిపోయాయనుకుంది. నాకది తట్టేలోగానే అక్క ఆమె ముందు మోకాళ్ల మీద ఉంది. "ఇంకా ఉండాయి అత్తా, పైకి తొయ్యి" అంటూ ఆమె బొటనవేలు పట్టుకుని తోసింది. మిగతా పేర్లు వచ్చాయి. కొడుకు పడవ వాటిలో ఉంది. పొద్దున్నే వేరే రేవుకు చేరిపోయిందట.

ఆమె ముందు ఏడ్చింది, తర్వాత తిట్టింది. "కింద ఇంకా ఉండాయని చెప్పి చావకూడదా? పానం పోయింది గదే!"

నేనైతే, పైకి తోయాలని ఎవరికి తెలియదు అని దులిపేసుకునేవాణ్ణి. అక్క మాత్రం అక్కడే ఐసు పెట్టెల పక్కన కూర్చుని, ల్యాప్‌టాప్ తెరిచి, తను అంత ముచ్చటగా అమర్చుకున్నదాన్ని తనే చెడగొట్టింది. పది వరసల కింద పదకొండోది సగమే కనబడాలి, కింద ఇంకా ఉన్నాయని చూడగానే తెలియాలి. ఫోను ఫోనుకీ తెర కొలత వేరు, అయినా ఎందులో చూసినా అడుగు వరస తెగే ఉండాలి. ఆ మొండితనం చూసి నాకు ఆవిడ కింద పనిచేస్తున్నందుకు గర్వం వేసింది.

తర్వాత మా సారు ఆ తెర చూసి మొహం చిట్లించారు.

"అడుగున పేరు సగం తెగిపోయిందేమ్మా. అసహ్యంగా ఉంది, సరిచెయ్యి."

"సరిగ్గానే ఉంది సార్" అంది అక్క. "అది తెగకపోతే ఒక తల్లి కూలబడిపోతాది."