గట్టు మీద ఆగిన అన్న

కోవిడ్ రెండో విడత సద్దుమణిగిన ఏడాది అది. అప్పటికి నేను మత్స్యశాఖలో చేరి చాలాకాలమైంది. చిట్టమూరు మండలం మాత్రం నా పరిధిలోకి కొత్తగా వచ్చింది. నా ఉద్యోగం గురించి తెలిసినవాళ్ళు సముద్రపు చేపల గురించో, రొయ్యల గురించో అడుగుతుంటారు. ఇసుక గుంటల్లో చేపల గురించి ఎవరూ అడగరు. నేను మరిచిపోలేని రోజు మాత్రం ఒక ఇసుక గుంట దగ్గరే గడిచింది.

మా తీరంలో నేల కింద తెల్లటి సిలికా ఇసుక ఉంటుంది. గాజు చేయడానికి వాడతారు. పైమట్టి తీసేసి, ప్రొక్లెయిన్లతో ఆ ఇసుకను తవ్వి లారీలకెత్తుతారు. తవ్వకం ముగిసిన చోట గుంట మిగిలిపోతుంది. వానకూ ఊటకూ అది నిండుతుంది. నీళ్ళు తేటగా, నీలంగా, చూడముచ్చటగా ఉంటాయి. పైకి చూస్తే చెరువే. కానీ చెరువు అడుగు పళ్ళెంలా మెల్లగా లోతెక్కుతుంది. ఇసుక గుంట పెట్టెలాంటిది. యంత్రం నిలువుగా కోసిన చోట, గట్టు పక్కనే మనిషి మునిగే లోతుంటుంది.

అలాంటి ఒక గుంటలో అక్కడి మత్స్యకార సంఘం బొచ్చె, శీలావతి చేపపిల్లలను వదిలింది. సంఘం పెద్ద పెంచలయ్య. ఆయన తమ్ముడు శీనయ్య. ఇద్దరూ పులికాట్‌లో వేట చేస్తూ పెరిగినవాళ్ళు. చేప చేతికొచ్చిందని, వల వేసి పట్టే పట్టుబడికి ముందు ఒకసారి వచ్చి చూడమని పెంచలయ్య ఫోన్ చేస్తే వెళ్ళాను.

పడవ దించే చోటును మేము ర్యాంపు అంటాం, అంటే నీళ్ళలోకి వాలుగా దిగే దారి. అక్కడ వాళ్ళకు వేరే ర్యాంపు కట్టుకునే పని లేకపోయింది. ఒకప్పుడు లారీలు గుంటలోకి దిగిన గ్రావెల్ దారి అలాగే ఉంది. గట్టిగా, వెడల్పుగా, పడవ దించడానికి చక్కగా ఉంది. నేను చెప్పులు విడిచి, ఒక వెదురుకర్ర తీసుకుని ఆ దారి వెంట నీళ్ళలోకి నడిచాను. మోకాళ్ళు దాటి నడుము దాకా నీళ్ళొచ్చాయి. ఇంకొంచెం ముందుకు కర్ర గుచ్చితే నేల తగల్లేదు. కర్ర మొత్తం దించినా తగల్లేదు. ఆ దారి అక్కడితో తెగిపోయింది.

బయటికొచ్చి చెప్పాను. దారి తెగిన చోట నిలువుకర్రలు పాతి ఎర్రగుడ్డ కట్టాలి. పడవెక్కే ప్రతి మనిషీ లైఫ్ జాకెట్ వేసుకోవాలి. ర్యాంపు మీద ఒక పొడవాటి తాడు, దానికి మూత బిగించిన ఖాళీ క్యాను ఎప్పుడూ ఉండాలి. మునుగుతున్నవాళ్ళకు విసిరే ఆ తాడును త్రో లైన్ అంటారు.

పెంచలయ్య మర్యాదగానే నవ్వాడు. "పులికాట్‌లో పుట్టినోళ్ళం మేడం. మా ఆడోళ్ళు కూడా ఈత కొడతారు. ఈ గుంటలో జాకెట్లు ఏసుకుంటే జనం నవ్వరా?"

"ఈత సంగతి కాదన్నా. ఈత కొట్టి యాడికి పోతారు? ఈ గట్టు పట్టుకుంటే ఊడి చేతికొస్తుంది. ఎక్కేదానికి తావు లేదు."

ఆయన గట్టు వైపు చూశాడు. తాడు, క్యాను మాత్రం ఆ పూటే తెప్పించాడు. జాకెట్లు పట్టుబడి అయ్యాక చూద్దామన్నాడు. కర్రలు పాతేందుకు మనుషులను పిలుస్తానన్నాడు. నేను వదిలిపెట్టలేదు. పట్టుబడి రోజు స్వయంగా వస్తానని, కర్రలు లేకపోతే పడవ దించనివ్వనని చెప్పాను.

ఆ రోజు పొద్దున్నే వెళ్ళాను. నేను చేరేసరికే పడవ దించేశారు. కర్రలు పాతారు, కానీ ఒక పక్కనే. రెండో పక్క పాతుతుండగానే, వలలో చేప బాగా పడిందని పడవ తిరిగి వచ్చేస్తోంది. నాయుడుపేట నుంచి వచ్చిన వ్యాపారి బొలెరో వెనక్కి పెట్టించి, ఐసు పెట్టెలు దించుతున్నాడు. ఆడవాళ్ళు గంపలతో నిలబడ్డారు. అందరి ముఖాల్లోనూ సంతోషం.

పడవ బరువుగా ఉంది. ముక్కు ర్యాంపుకు తగిలి ఆగిపోయింది. వెనక నుంచి నెట్టడానికి శీనయ్య పడవలోంచి కిందికి దూకాడు. పులికాట్‌లో వాళ్ళు రోజూ చేసే పనే అది. అక్కడ నీళ్ళు నడుముకు మించవు. ఇక్కడ పడవ వెనక భాగం దారి తెగిన చోటును దాటి ఉంది. శీనయ్య నిలువునా మునిగిపోయాడు.

తేలాడు. కానీ పడవ నుంచి వేలాడుతున్న వల ర్యాంపు వైపు అడ్డం ఉంది. దానికి చిక్కుకుంటానని పక్కనున్న ఇసుక గట్టు వైపు ఈదాడు. పట్టుకున్నాడు. పట్టుకున్న చోటల్లా ఇసుక ఊడి నీళ్ళలో పడింది. మళ్ళీ పట్టుకుంటే ఈసారి పెద్ద పెళ్ళ విరిగి ఆయన తల మీదే పడింది.

జనం గట్టు మీదికి పరిగెత్తారు. వాళ్ళ బరువుకు గట్టు అంచున బీట కనిపించింది. వెనక్కి రమ్మని నేను గట్టిగా అరిచాను. అందరూ ఆగారు, పెంచలయ్య తప్ప. ఆయన అంచు దాకా వెళ్ళి దూకబోతున్నాడు. వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగాను. ఇద్దరం ఇసుకలో పడ్డాం. ఆయన విదిలించుకున్నాడు. నేను ఆయన కాలు గట్టిగా పట్టుకున్నాను.

"నా తమ్ముడు మేడం. వదులు."

"నువ్వు దూకితే ఈ గట్టంతా ఆయన మీదే పడతది. వదలను."

పెంచలయ్య భార్య లక్ష్మమ్మ వచ్చి ఆయన చేయి పట్టుకుంది. ఆమె పట్టు వదల్లేదు.

ర్యాంపు మీద గట్టినేలన నిలబడి క్యాను విసరమని సంఘంలోని సుబ్బరాయుడికి చెప్పాను. మొదటిసారి దగ్గరే పడింది. రెండోసారి దాటిపోయింది. ఆ తర్వాత విసిరింది శీనయ్య భుజం పక్కన పడింది. "ఈదొద్దు, క్యాను వాటేసుకో" అని అందరూ చెబుతున్నారు. వాటేసుకున్నాడు. వల తగలకుండా పక్కనుంచి మెల్లగా లాగారు. ర్యాంపు మీదికి వచ్చాక కక్కాడు, దగ్గాడు, కూర్చోబోయాడు. పక్కకు తిప్పి పడుకోబెట్టాం.

కాసేపటికి లేచి, తనకేమీ కాలేదన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు పోతే ఆ ఇబ్బంది కొన్ని గంటల తర్వాత కూడా బయటపడుతుంది. చేపల కోసం వచ్చిన బొలెరోలోనే నాయుడుపేట ఆసుపత్రికి పంపించాం. సాయంత్రానికి ఆయాసం వచ్చి ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. తర్వాత కోలుకుని ఇంటికొచ్చాడు.

కథ అంతటితో ముగిసిందనుకున్నాను. కానీ పెంచలయ్య నా ఫోన్ ఎత్తడం మానేశాడు. మీటింగుకు పిలిస్తే సుబ్బరాయుడిని పంపాడు. కొన్నాళ్ళు చూసి నేనే ఊరికి వెళ్ళాను. ఆయన ఇంటి ముందు వల బాగుచేసుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"ఊళ్ళో ఏమంటా ఉండారో తెలుసా మేడం? తమ్ముడు మునిగిపోతా ఉంటే గట్టున నిలబడి చూసినాడంట. ఆడమనిషి పట్టుకుంటే ఆగిపోయినాడంట. ఆ మాట నేను యాడ పెట్టుకునేది?"

గుంట లోతు గురించి, ఇసుక గురించి ఎంతైనా చెప్పగలను. ఈ సంగతి నేను ఆలోచించనే లేదు. ఆ సాయంత్రం సంఘం వాళ్ళను, ఊళ్ళో పెద్దవాళ్ళను పిలిపించమన్నాను. అందరి ముందు ఒకటే చెప్పాను: "పెంచలయ్యన్న ఆగలేదు. నేను ఆపినాను. ఎవరినన్నా అనాలనుకుంటే నన్ను అనండి."

వెనకెక్కడో కూర్చున్న శీనయ్య లేచాడు. ఆయన గొంతు ఇంకా పూర్తిగా బాగుపడలేదు.

"నేను కింద నుంచి చూసినా. మా అన్న కాళ్ళ కాడ ఇసుక జారతా ఉండాది. దూకొద్దని నేనే అరవాలనుకున్నా, నోట్లో నీళ్ళు. మేడం పట్టుకోకపోతే ఇద్దరం ఆడనే ఉండిపోదుం."

పెంచలయ్య తలవంచుకుని కండువాతో ముఖం తుడుచుకున్నాడు. లక్ష్మమ్మ అందరికీ టీ తెచ్చింది. ఆ తర్వాత ఆ ఊళ్ళో ఆ మాట మళ్ళీ వినపడలేదు.

ఇప్పుడు ఆ ర్యాంపుకు రెండు పక్కలా రాళ్ళు పేర్చి ఉన్నాయి. దారి తెగిన చోట కర్రల వరుస ఉంది. జాకెట్ లేకుండా ఎవరూ పడవ ఎక్కరు. ఇవన్నీ చేయించడం నాకు తెలిసిన పనే. నాకు తెలియనిది ఆ రోజు నేర్పింది. నీటి దగ్గర ప్రాణం పోయేది ఒక్కోసారి భయం వల్ల కాదు, ప్రేమ వల్ల. ఒకరి కోసం ఇంకొకరు దూకుతారు, ఇద్దరూ పోతారు. అందుకే ఎవరు విసరాలి, ఎవరు లాగాలి అన్నదే కాదు, ఎవరు ఆపాలి అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. ఆపిన మనిషి ఆ తర్వాత వచ్చే నిందకు కూడా సిద్ధంగా ఉండాలి.

కొత్తగా ఏ గుంటలో చేపపిల్లలు వదిలినా అక్కడి సంఘానికి ఒక పూట శిక్షణ ఇస్తాను. పెంచలయ్యను వెంట తీసుకెళ్తాను. తాడు, క్యాను, జాకెట్ అన్నీ నేను చూపించాక ఆయన లేచి నిలబడతాడు. జరిగింది చెప్పడు. ఒక్కటే అడుగుతాడు.

"మీ తమ్ముడు మునిగిపోతా ఉండాడు. మీరు దూకబోతా ఉండారు. మిమ్మల్ని పట్టుకొని ఆపేది ఎవరు?"

మొదట అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటారు. ఎవరో ఒకరు చెయ్యెత్తే దాకా ఆయన కూర్చోడు.