ఉగ్రవాదానికి నాలుగు వాక్యాలు

నగరంలో బాంబులు పేలిన కొన్ని నెలలకు, ఉగ్రవాదమంటే ఏమిటో నాలుగు వాక్యాల్లో తేల్చమని నన్ను పిలిచారు. పిలిచింది పోలీసులు కాదు, పిల్లలకు పాఠాలు తయారుచేసే ఒక కమిటీ. అప్పటికి నేను సికింద్రాబాద్‌లో ఒక మిషన్ స్కూల్లో ఇరవై ఏళ్లుగా సివిక్స్ చెబుతున్నాను. పౌరుల హక్కులు, విధులు నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. నిర్వచనం నాలుగు వాక్యాలు దాటకూడదన్నారు, ఎందుకంటే అది నాలుగు మార్కుల ప్రశ్న. కారణాలకు అయిదు పాయింట్లు, అయిదు మార్కులు. దేశదేశాల మేధావులు కొట్టుకు చస్తున్న విషయం మా దగ్గర తొమ్మిది మార్కులకు తెమిలిపోవాలి.

కమిటీలో నలుగురం. అధ్యక్షులు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ రిటైర్డ్ ప్రిన్సిపాల్. ఒకరు కడప వైపు మాస్టారు. ఒకరు ఇక్కడివారే, అల్వాల్ మాస్టారు. నాలుగో మనిషిని నేను. ఆడమనిషి కూడా ఉండాలన్నారట, అందుకని నన్ను వేశారు. రాసే పని కూడా నా మీదే పెట్టారు, అదీ అందుకేనేమో.

"జనం మీద బాంబులు వేయడం ఉగ్రవాదం" అని మొదటి రోజు పొద్దున్నే రాసి చదివాను. నాకైతే అక్కడితో పని అయిపోయిందనిపించింది. కడప మాస్టారు కుర్చీలో అటూ ఇటూ కదిలారు.

"బాంబనే మాట వద్దులే మేడమ్. మా పక్క ఊర్లలో ఏసుకుంటారు. అది కక్ష. ఎవురు ఎవురి మీద ఏస్తాండారో ఇద్దరికీ తెలుసు. దాన్ని తెచ్చి దీంట్లో కలిపితే ఎట్లా?"

బాంబు తీసేసి, ప్రభుత్వ ఆస్తిని తగలబెట్టడం అని పెట్టాను. ఈసారి అల్వాల్ మాస్టారు ముఖం మాడ్చుకున్నారు.

"బంద్ నాడు బస్సులు కాలుస్తరు మేడమ్. కాలేజీల ఉన్నప్పుడు నేను సుత రాళ్లు కొట్టిన. గది ఉద్యమం. గిట్ల రాస్తే రేపు నా క్లాసుల పోరగాళ్లు నన్నే అడుగుతరు."

బస్సు పోయింది. గుడిసెలు తగలబెట్టడం అన్నాను. అధ్యక్షులవారు కళ్లజోడు తీసి తుడుచుకుని, దాన్ని సామాజిక ఉద్రిక్తత అంటారమ్మా, అది వేరే పాఠంలో వస్తుంది అన్నారు. వాళ్ల ఊళ్లో అటువంటి ఉద్రిక్తత ఒకసారి జరిగిందనీ, అందులో వాళ్ల పెదనాన్నగారి పేరు అన్యాయంగా ఇరికించారనీ సమోసాలు వచ్చేలోపు వివరంగా చెప్పారు.

నేనేమీ తక్కువ తినలేదు. రైలు పట్టాలు పీకడం అన్న ఉదాహరణ దగ్గరికి వచ్చేసరికి, ఎవరూ అడగకుండానే నేనే కొట్టేశాను. తెల్లదొరల కాలంలో మా తాతగారు పట్టాలు పీకారని మా ఇంట్లో ప్రతి క్రిస్మస్‌కీ చెప్పుకుని మురిసిపోతాం. ఆ పట్టాల మీద రావలసిన రైల్లో ఎవరున్నారని మాలో ఎవరమూ ఇంతవరకు అడగలేదు.

మూడు రోజులు అలా కొట్టేయగా చివరికి మిగిలింది ఇదీ: కమిటీ సభ్యుల చుట్టాలెవరూ చేయని హింసే ఉగ్రవాదం. అలా అచ్చు వేయలేం కనక "విచక్షణారహితం", "భావజాలం", "ప్రజాస్వామ్య విలువలు" అన్న మాటలు తెచ్చి నాలుగు వాక్యాలు అల్లాను. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు కాబట్టి అందరికీ నచ్చాయి. కారణాలకు అంత శ్రమ కూడా పడలేదు. పేదరికం, నిరక్షరాస్యత, నిరుద్యోగం, జనాభా పెరుగుదల, చెడు సావాసాలు. మద్యపానం పాఠంలోనూ ఈ అయిదే ఉన్నాయి, బాలకార్మికుల పాఠంలోనూ ఈ అయిదే. పిల్లలు ఒక్కసారి బట్టీ పడితే మూడు పాఠాలు గట్టెక్కుతారు. "అవమానం" అని ఆరోది రాయబోతే, "మార్కులు అయిదేనమ్మా" అన్నారు అధ్యక్షులవారు. సరేనని కొట్టేశాను.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, పద్మారావు నగర్‌లోని మా ఇంట్లో అన్నాలు తిని కూర్చున్నాం. తలుపు దగ్గర ఒక పెద్దాయన నిలబడ్డాడు. చెప్పులు బయటే విడిచి, లోపలికి రమ్మన్నా రాలేదు. బొల్లారంలో ఉంటాడు, మిలిటరీ మెస్‌లో వంట చేసి రిటైరయ్యాడు. ఆయన కొడుకు పదో తరగతి దాకా నా దగ్గర చదివాడు. ఇప్పుడు మిక్సీలు, వాషింగ్ మెషీన్లు బాగుచేస్తాడు. ఏడెనిమిదేళ్లుగా మా ఇంట్లో పాడైన ప్రతి వస్తువూ వాడి చేతి మీదుగానే బాగుపడింది.

"మేడమ్, మా పోరన్ని పోలీసోళ్లు తీస్కపోయిండ్రు. మూడు దినాలైంది" అన్నాడు.

బస్టాపులో సంచులు వెతికారట. వాడి సంచిలో వైర్లు, బ్యాటరీ సెల్లులు, వాషింగ్ మెషీన్ టైమరు ఒకటి దొరికాయి. పేరు అడిగారు. చెప్పాడు. అదే సంచి మా ఆయన పట్టుకుని, మా ఆయన పేరు చెప్పి ఉంటే, మా ఇంట్లో కూడా మిక్సీ తిరగడం లేదు సార్ అని వాళ్లే అడిగి ఉండేవారు.

"ఇన్‌స్పెక్టర్ సాబ్ అన్నడు, మీ వానికి జిమ్మేదార్ ఉంటమని ఎవరన్న పెద్దోళ్లు రాసిస్తే చూస్తనని. మాకు పెద్దోళ్లు ఎవరున్నరు మేడమ్? మీరే ఉన్నరు."

వాడి గురించి రాయడానికి నా దగ్గర కావలసినంత ఉంది. మా అత్తగారు పక్షవాతం వచ్చి మంచాన పడ్డ రోజుల్లో, ఫ్యాను బాగుచేయడానికి వచ్చి, ఆవిడ పిలవలేక అవస్థ పడటం చూశాడు. మర్నాడు ఎవరూ అడగకుండానే ఒక బెల్లు తెచ్చి, ఆవిడ ఎడమ చేతికి అందేట్టు మంచానికి బిగించాడు. అది తయారైంది అలాంటి వైర్లతోనే, అలాంటి సెల్లులతోనే. పోయేదాకా ఆవిడకు ఆ బెల్లే నోరు.

కాగితం కోసం లోపలికి వెళితే మా ఆయన నా వెనకే వచ్చి గొంతు తగ్గించారు. "రాయి, వద్దనను. కానీ చూసుకుని రాయి. రేపు ఏదైనా తేడా వస్తే నీ సంతకం ఉంటుంది దాని మీద."

"వాడు చేస్తాడాండీ అటువంటి పని?"

"చేయడు. నాకు తెలీదా? అయినా మన జాగ్రత్తలో మనం ఉండాలిగా."

స్కూల్లో ఏళ్ల తరబడి కాండక్ట్ సర్టిఫికెట్లు రాసిన చెయ్యి నాది. రెండు వాక్యాలు దానంతట అదే రాసేసింది: "ఇతడు మా పాఠశాలయందు ఆరు నుండి పదవ తరగతి వరకు చదివెను. ఆ కాలమందు ఇతని ప్రవర్తన సంతృప్తికరముగా నుండెను." మామూలుగా అక్కడితో సంతకం పెడతాను. ఆ రోజు మూడో వాక్యం చేర్చాను: "తదుపరి కాలమునకు ఈ పత్రము వర్తించదు." బెల్లు సంగతి అందులో ఎక్కడా రాలేదు. సర్టిఫికెట్‌లో బెల్లుల గురించి ఎవరు రాస్తారు?

పెద్దాయనకు తెలుగు చదవడం రాదు. కాగితం కళ్లకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు. మేము టీ ఇచ్చాం. ఆయన వెళ్లాక మా ఆయన, నీది మెత్తని మనసు అన్నారు. నాకూ అలాగే అనిపించింది.

ఆ మరుసటి వారం కమిటీ ఆఖరి సమావేశం జరిగింది. మా నాలుగు వాక్యాలు ఏకగ్రీవంగా ఆమోదించి, నలుగురికీ శాలువాలు కప్పారు. ఉగ్రవాద సమస్యను ఇంత క్లుప్తంగా ఎవరూ పరిష్కరించలేదని ఒక పెద్ద అధికారి అన్నారు. చప్పట్లు కొట్టాం.

ఆ తర్వాత కొన్నాళ్లకు, ఒక సాయంత్రం వాడే వచ్చాడు. చేతిలో సంచి లేదు. మనిషి సగమయ్యాడు. ఎడమ చెయ్యి సరిగా పైకి లేవడం లేదు. పొరపాటు జరిగిందని చెప్పి వదిలేశారట, కాగితం మీద కాదు, నోటి మాటగానే. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చున్నాడు.

"మీ కాగితం ఇన్‌స్పెక్టర్ చదివిండు మేడమ్, నాకు ఇనపడేటట్టు. ఆఖరి లైను రెండుసార్లు చదివిండు. చూసినవా, నీ టీచర్‌కే నీ మీద భరోసా లేదు అన్నడు. గప్పటిసంది ఇంక పది దినాలు ఉంచిండ్రు. ముందట కొట్టలే. గా దినం నుంచే షురూ చేసిండ్రు."

వాడు తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండును కూడా.

"ఒక్కటే అడుగుత మేడమ్. గా లైను వాళ్లే మీతోని రాయించిండ్రు గదా? అబ్బాజాన్ వచ్చేకన్న ముంగటనే మీ ఇంటికొచ్చి మిమ్మల్ని పరేషాన్ చేసిండ్రు గదా?"

మా ఆయన చేతిలోని పేపరు కిందికి దించారు. మా ఇంటికి ఎవరూ రాలేదు. ఒక్క ఫోను కూడా రాలేదు. ఆ వాక్యం రాసినప్పుడు ఆ గదిలో ఉన్నది నేను, మా ఆయన, మా భయం. వాడు నా ముఖంలోకే చూస్తున్నాడు, కాదనకండి అన్నట్టు.

"అవును" అన్నాను.

వాడు గట్టిగా ఊపిరి వదిలాడు. "నాకెర్క మేడమ్. లోపల అందరికి గదే చెప్పిన. మా మేడమ్ గట్ల రాయదని."

వాడి ముఖం కాసేపు తేటపడింది. అంతలోనే ఇంకేదో వచ్చి చేరింది. ఇరవై ఏళ్లలో ఏ పిల్లవాడి ముఖంలోనూ నేను చూడనిది. గొంతు పెంచకుండానే అన్నాడు.

"నన్ను కొట్టిన్రు. గది మర్చిపోత. మీ ఇంటికొచ్చి మిమ్మల్ని బెదిరించిన్రు చూడు, గది మాత్రం సచ్చేదాక మర్వ."

పోలీసులు నిజంగా చేసినదాన్ని వాడు వదిలేస్తానంటున్నాడు. చేయనిదాన్ని నేను వాడి గుండెలో నాటాను. ఉగ్రవాదానికి కారణాలు రాసినందుకు నాకు శాలువా కప్పారు. సిగ్గుతో చచ్చిపోతే బాగుండుననిపించింది.

వాడు లేచాడు. చెప్పేయాలని గేటు దాకా వెంట వెళ్లాను. "నాయనా" అని పిలిచాను కూడా. వాడు ఆగి, వీధిలో అటూ ఇటూ చూసి, నాకేసి తిరిగాడు.

"లోపలికి పోండ్రి మేడమ్. నాతోని నిలబడ్డది ఎవరన్న చూస్తే మల్ల మీకే తక్లీఫ్ అయితది."

నేను లోపలికి వచ్చేశాను.