కడుపు మీద మీసం

ఆ మధ్యాహ్నం గదిలో ఉన్నది నిద్రపోతున్న అమ్మ, ఆమె ఎనిమిదో నెల కడుపు, నల్ల మార్కర్, ఆరేళ్ల నేను. నిన్న ఆటోనగర్‌లో మెకానిక్ ఇంజిన్ మీద నంబరు వేస్తుంటే, మార్కర్ వాసనకు ఇదంతా గుర్తొచ్చింది.

నాకు క్రికెట్ ఆడటానికి తమ్ముడు కావాలి. బయాలజీ చెప్పే పిన్నేమో, "మొదట్లో ఆడైనా మగైనా ఒకేలా ఉంటార్రా, తేడా తర్వాతే వస్తుంది" అంది. కొండపల్లి బొమ్మలూ అంతేగా! అన్నీ ఒకే కొయ్య. మీసం గీస్తే రాజు, బొట్టు పెడితే రాణి.

అమ్మ కడుపు మీద పెద్ద మీసం గీశాను.

అది చెరగలేదు. మర్నాడు చెకప్‌లో డాక్టరుగారు చూసి, "ఈ మీసాలాయన ఎవరండీ?" అన్నారు.

"తమ్ముడు" అన్నాను.

పక్కనున్న పిన్ని పకపకా నవ్వింది. "లేటయ్యావురా, ఆ ఆడా మగా తేడా ఏడో వారంలోనే మొదలైపోతుంది."

చెల్లి పుట్టింది. నేను మీసం గీసింది ముప్పై రెండో వారంలో. ఆలస్యం ఇరవై ఐదు వారాలు.